టెర్మినల్‌లో హీబ్రూ ఖతులు

కంప్యూటరుకు ఆదేశాలను టైపు చేసి ఇచ్చే కిటికీని టెర్మినల్ అంటారు. ఇందులో తెర సమాన వెడల్పు గల గళ్ళుగా విభజింపబడి, గడికొక అక్షరం ఇముడుతుంది. హీబ్రూ లిపిలో 22 అక్షరాలు, వాటిలో ఐదింటికి పదాంతంలో మాత్రమే వచ్చే వేరు రూపాలు కలవు. తెలుగు వలె ఒత్తులు లేకపోవుటచే ఈ లిపి గళ్ళలో సులువుగానే ఇముడుతుంది. చిక్కంతా అక్షరాల పోలికలోనే ఉన్నది.

అక్షరాల పోలిక

దాలెత్, రేష్ అక్షరాల మధ్య భేదం కుడివైపు పై మూలలో మాత్రమే. దాలెత్‌కు అక్కడ కోణం పొడుచుకు వస్తుంది, రేష్ గుండ్రంగా వంగుతుంది. తెలుగులో ప, వ లను చిన్న అచ్చులో చదివినవారికి ఈ ఇబ్బంది తెలిసినదే. 'ఒకటి' అనే అర్థం గల ఎఖాద్ దాలెత్‌తోను, 'మరొకటి' అనే అర్థం గల అఖేర్ రేష్‌తోను ముగుస్తాయి. అచ్చుల గుర్తులను సాధారణంగా వ్రాయరు గనుక, వ్రాతలో ఈ రెంటికీ తేడా ఆ చివరి అక్షరమే. ఫైలు పేరులో ఇట్టి పొరపాటు జరిగితే ఉంచవలసిన ఫైలే తొలగిపోవచ్చు. బేత్-కాఫ్, హే-ఖేత్ జంటలు కూడా ఇటువంటివే.

తెర సాంద్రత

పాత టెర్మినళ్ళు చుక్కలతో కూర్చిన బిట్‌మ్యాప్ ఖతులను వాడేవి. 16 చుక్కల ఎత్తు గల గడి, అంగుళానికి 96 చుక్కలున్న తెరపై సుమారు 4.2 మిల్లీమీటర్లు ఉంటుంది. 192 చుక్కల తెరపై అదే గడి 2.1 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. ప్రతి చుక్కను రెట్టింపు చేస్తే పరిమాణం సరిపోతుంది గాని, దాలెత్ మూల మునుపటి వలెనే మొరటుగా మిగులుతుంది. 2019లో విడుదలైన లైనక్స్ కెర్నల్ 5.0లో అధిక సాంద్రత తెరల కొరకు 16x32 చుక్కల టెర్మినస్ ఖతిని చేర్చారు; అందులో హీబ్రూ లేదు.

కావున గీతల రూపంలో నిర్మించిన ఖతులే మేలు. ఇవి ఏ సాంద్రతకైనా తగినట్లు కొత్తగా గీయబడతాయి. అయితే ఎంచుకున్న ఖతిలో హీబ్రూ ఉన్నదో లేదో చూసుకోవాలి. బహుళ ప్రచారంలో ఉన్న దెజావు శాన్స్ మోనోలో హీబ్రూ లేదు. అప్పుడు వ్యవస్థ వేరొక ఖతి నుండి అక్షరాలను అరువు తెస్తుంది. వాటి వెడల్పు గడికి సరిపడక అక్షరాల మధ్య ఎడం పెరుగుతుంది, లేదా అంచులు తెగుతాయి. లిబరేషన్ మోనో రెండవ తరం ఖతి, కుల్మస్ ప్రాజెక్టు వారి మిరియమ్ మోనో సమాన వెడల్పుతో హీబ్రూను కలిగి ఉన్నాయి.

వ్రాత దిశ వేరే సంగతి. హీబ్రూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. ఎక్స్‌టెర్మ్ దిశను మార్చదు కనుక, మంచి ఖతి ఉన్నా పదాలు తిరగబడే కనిపిస్తాయి. గ్నోమ్ టెర్మినల్‌కు ఆధారమైన వీటీఈ 2019లో వచ్చిన 0.58 కూర్పు నుండి ఉభయ దిశల వ్రాతను చూపగలుగుతున్నది.