రాజీనామా వేరు, పదవీ విరమణ వేరు

ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడో, కార్యాలయపు జవానో అనారోగ్యము వలన ఉద్యోగము విడువదలచినప్పుడు లేఖ వ్రాసిపెట్టుమని పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చుట కద్దు. అట్టి సమయమున సభ్యులు గమనింపవలసిన విషయమును మనవి చేయుచున్నాము.

"రాజీనామా చేయుచున్నాను" అని వ్రాసినచో సాధారణముగా గతించిన సేవ లెక్కకు రాక పింఛను హక్కు పోవును. "స్వచ్ఛంద పదవీ విరమణ" కోరినచో ఆ హక్కు నిలుచును. మాటలో భేదము స్వల్పము. కాని కుటుంబ జీవనాధారమే దానిపై నున్నది.

ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నియమములు, 1980 లోని 43వ నియమము ననుసరించి, 20 సంవత్సరముల అర్హసేవ పూర్తియైన ఉద్యోగి నియామకాధికారికి 3 నెలలకు తక్కువ కాని గడువుతో వ్రాతమూలకముగ నోటీసు నిచ్చి విరమింపవచ్చును. 1-9-2004 నుండి నియమితులైనవారికి వేరు పథకము వచ్చినది గాన, తమకు వర్తించు నియమములను వారు ముందుగా కార్యాలయమున విచారింపవలెను.

సర్వీసు రిజిస్టరులో సేవాకాలమును సరిచూచుకొనిన పిమ్మటనే లేఖ వ్రాయవలెను. అందు పేరు, హోదా, చేరిన తేదీ, నియమపు సంఖ్య, విరమింపదలచిన తేదీ స్పష్టముగ నుండవలెను. ఫిర్యాదులు, కోపతాపములు అందు వలదు. పై యధికారి ద్వారా పంపి, ముట్టినట్లు సంతకము గైకొని, నకలును ఇంట భద్రపరచవలెను.

మనసు మారినచో విరమణ తేదీకి లోపుగనే ఉపసంహరణ కోరవలెను. అందులకును అధికారి అనుమతి కావలెను. కావున ఇంటివారితో ఆలోచించిన పిదపనే సంతకము చేయుమని చెప్పుట మేలు.