చర్మానికీ తెగులు పేరు తెలియాలి

వయ్యారిభామ కలుపు పీకాక మెడ, చేతులు ఎర్రబడి దురద పెడుతున్నాయా? డాక్టరు చీటీలో ‘కాంటాక్ట్ డెర్మటైటిస్’ అని రాయవచ్చు. కాంటాక్ట్ అంటే తగలడం, డెర్మ అంటే చర్మం, ఐటిస్ అంటే వాపు, మంట. ఇది అంటురోగం కాదు. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకుని కలుపు పీకండి.

‘టీనియా’ అంటే తామర. బూజు జాతి వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

‘స్కేబీస్’ అంటే గజ్జి. చర్మంలో దూరే సన్నని నల్లి దీనికి మూలం. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి.

డెర్మటైటిస్‌కు డాక్టరిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ తామరకు రాయకండి. దురద తగ్గినట్టే ఉంటుంది, మచ్చ మాత్రం పాకిపోతుంది. తెగులేదో తెలియకుండా పైరుకు మందు కొట్టం కదా, ఒంటికీ అంతే!