వార్తల్లో పదం: డిజిటల్ బయోమార్కర్

ఫోన్, స్మార్ట్‌వాచ్ వంటి పరికరాలు కొలిచే ఆరోగ్య సూచికే డిజిటల్ బయోమార్కర్. రక్తపరీక్షలో చక్కెర విలువలాంటిదే. కాకపోతే ఇక్కడ కొలిచేది చేతి వణుకు, నడక, గొంతు వంటివి.

ఫోన్‌లోని యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ కదలికలను నమోదు చేస్తాయి. అమెరికాలో 2015లో మొదలైన ఎంపవర్ అధ్యయనంలో పార్కిన్సన్స్ (కదలికలను దెబ్బతీసే నాడీ వ్యాధి) రోగులు తెరపై రెండు చుక్కలను రెండు వేళ్లతో మార్చి మార్చి తట్టారు, ‘ఆఁ’ అని సాగదీసి పలికారు, ఫోన్ జేబులో పెట్టుకుని 20 అడుగులు నడిచారు. తట్టే వేగం తగ్గడం, అడుగు తడబడటం అంకెల్లోకి వచ్చాయి.

పార్కిన్సన్స్ లక్షణాలు పూటపూటకూ మారతాయి. దీనికి వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్నప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోగలిగిన మనిషి, ప్రభావం తగ్గాక గ్లాసు కూడా పట్టుకోలేకపోవచ్చు. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి భద్రాచలం, ఖమ్మం దాటి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి దాకా వెళ్లినా, డాక్టరు చూసేది ఆ కాసేపే. మిగతా రోజుల లెక్క ఫోన్ ద్వారా తెలిస్తే మందు వేళలు సరిచేయడం తేలికవుతుంది. సిగ్నల్ అందనిచోట కొలతలు ఫోన్‌లోనే దాచి తర్వాత పంపేలా యాప్‌ను రూపొందించవచ్చు.

అయితే ఈ కొలత రోగ నిర్ధారణ కాదు. వణుకుకు వేరే కారణాలూ ఉంటాయి. గతుకుల దారిలో బస్సు కుదుపూ కొలతను తారుమారు చేయవచ్చు. యాప్ అంకె చూసి మందు మోతాదు సొంతంగా మార్చుకోకూడదు.