కారులో కాపురాలు!

హీరోగారు కారు దిగుతారు. డోరు ధడేలున వేస్తారు. హాల్లో ఈలలు, కాగితం ముక్కలు! విలన్‌గారి నల్లకారు వెనకాలే వస్తుంది. క్లైమాక్సులో రెండింట్లో ఒకటి లోయలో పడుతుంది. మనం లేచి సైకిల్ స్టాండు వైపు పరుగు తీస్తాం. అంతే!

మరి లోయలో పడకుండా మిగిలిన కార్ల సంగతేమిటి? ముసలివైపోయి, నడక ఆగిపోయి, ఏ చెట్టుకిందో కూలబడిన కార్లలో ఎవరు కాపురముంటారో ఎప్పుడైనా ఆలోచించారా? నిజం చెప్పొద్దూ, నేనూ ఆలోచించలేదు, హంసలదీవి వెళ్లిందాకా!

ముందు కర్రతో కొట్టు!

హంసలదీవి తెలుసుగా? దివిసీమ చివర, కోడూరు మండలంలో, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. కాకి అక్కడ మునిగి హంసై లేచిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని తిరిగి వస్తుంటే దారి పక్కన ఓ దొడ్లో పాత అంబాసిడర్ కనిపించింది. చక్రాలు సగం మట్టిలో దిగిపోయాయి. రంగు ఏమిటో చెప్పడం బ్రహ్మతరం కాదు.

నాతో వచ్చిన మా పిన్నిగారబ్బాయికి సినిమా పిచ్చి. "అన్నయ్యా! స్టీరింగ్ పట్టుకుని కూచుంటా, ఒక్క ఫోటో తియ్యి" అంటూ డోరు మీద చెయ్యి వేశాడు.

"ఆగు బాబూ, ఆగాగు!" ఇంటి అరుగు మీంచి ఓ పెద్దాయన కేక. చేతికర్రతో గబగబా వచ్చి బానెట్ మీద టకటకా నాలుగు దెబ్బలు వేశాడు. కిందనుంచి జరజరమంటూ ఆరడుగుల జెర్రిపోతు బయటికొచ్చి గట్టు దిగిపోయింది. మావాడు ఎక్కడివాడక్కడే బొమ్మైపోయాడు!

"అది మంచిదే లెండి, విషం లేదు. ఎలకల కోసం వస్తది. అన్నీ అలాంటివే ఉండవుగా!" అన్నాడు పెద్దాయన తాపీగా.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ అదే కారట. ఎంతమంది పెళ్లికూతుళ్లు అందులో అత్తారింటికి వెళ్లారో! ఇప్పుడు అదే అందరికీ ఇల్లయి కూచుంది.

ఎవరి వాటా వారిది

పెద్దాయన దగ్గరుండి చూపించాడు. వాటాలు పంచుకున్నట్టే ఉంది! సీట్ల పీచు పీకి ఎలుకలు పడకలు వేసుకున్నాయి. డాష్‌బోర్డు వెనక బల్లులు. డోరు సందుల్లో గండుచీమల బారులు. డిక్కీలో గోనెసంచి కింద తేలు. అద్దం మూల సాలెగూడు. ఇక బానెట్ కింద గోలీకాయలంత మట్టిగూళ్లు. అవి కందిరీగ గారి నిర్మాణం. ఆడ కందిరీగ తడిమట్టి ముద్దలు మోసుకొచ్చి గది కడుతుంది. పురుగునో సాలీడునో కుట్టి, చంపకుండా పడేసి, ఆ గదిలో పెట్టి, గుడ్డు పెట్టి, తలుపు మూసేస్తుంది. పిల్ల పుట్టగానే భోజనం సిద్ధం!

వీటికి కారంటే ఎందుకింత మోజు? నీడ, వెచ్చదనం, పైన కప్పు, దాక్కోవడానికి వెయ్యి సందులు. ఎలుకకు మరో సుఖం కూడా ఉంది. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోవాలి. వైర్లు చక్కగా పనికొస్తాయి!

సముద్రపు ఒడ్డున ఇంకో తంటా. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కింద రేకుకి చిల్లులు పడతాయి. చిల్లు పడిందంటే తలుపు తెరిచినట్టే. ముందు ఎలుక దూరుతుంది. ఎలుక వెనకాల పాము దూరుతుంది.

అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైంది. ఎన్ని ఊళ్లలో ఎన్ని దొడ్లలో ఇలా సెలవు తీసుకుంటోందో మీరే ఊహించుకోండి. పోలీస్ స్టేషన్ల ఆవరణల్లో కేసు తేలక తుప్పుపట్టే బళ్ల సంగతీ అంతే.

కొత్త కార్లకీ తప్పలేదు

పాత కార్లకేనా ఈ బాధ? కాదండీ! 2011లో మాజ్దా కంపెనీ అమెరికాలో యాభై వేలకు పైగా కార్లను వెనక్కి పిలిపించింది. దొంగ ఎవరనుకున్నారు? పసుపుపచ్చ సాలీడు! పెట్రోలు వాసనకు మురిసి, ట్యాంకుకి గాలి ఆడే గొట్టంలో గూడు అల్లేసింది. గొట్టం మూసుకుంటే ట్యాంకు బీటలు వారొచ్చు, నిప్పూ రాజుకోవచ్చు. 2014లో మళ్లీ అదే సాలీడు, మరో 42 వేల కార్లు!

జపాన్‌లో చలికాలం పిల్లులు వెచ్చదనం కోసం ఇంజన్లో దూరి పడుకుంటాయి. స్టార్టు చేసేముందు బానెట్ మీద తట్టండి బాబూ అని నిస్సాన్ కంపెనీ 2015లో ప్రచారమే మొదలుపెట్టింది. హంసలదీవి పెద్దాయన కర్రా, జపాన్ కంపెనీ ప్రచారమూ చెప్పేది ఒకటేగా!

దోమ సంగతి వేరే చెప్పాలి. పాత టైర్లలో వాననీరు నిలిస్తే డెంగీ దోమకు పండగే. దాని గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతికి, నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. ఆసియాకి చెందిన పులిదోమ 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో తిష్ట వేసింది. వెళ్లింది ఎలాగనుకున్నారు? ఓడల్లో దిగిన పాత టైర్లలో!

తెర మీది పాము, తెర బయటి పాము

రాజమౌళిగారి 'ఈగ' (2012) చూశారుగా? ఓ ఈగ కారులో దూరి సుదీప్‌ని నానా తిప్పలు పెట్టి యాక్సిడెంటు చేయించి, అద్దం మీద హెచ్చరిక కూడా రాస్తుంది! 'పున్నమి నాగు' (1980)లో చిరంజీవి విషం మింగిన మనిషి. మన సినిమాల్లో పురుగూ పామూ పగబడతాయి. బయట వాటికి అంత తీరిక లేదు. పాముకి కావలసింది ఓ ఎలుక, ఓ చీకటిమూల. మన చెయ్యి పొరబాటున ఆ మూలకి వెళ్లినప్పుడే కథ అడ్డం తిరుగుతుంది.

దివిసీమలో ఇది ఉత్తుత్తి కబురు కాదు. వరినాట్ల రోజుల్లో బొరియల్లోకి నీళ్లు చేరితే పాములు పొడిచోటు వెతుక్కుంటాయి. 2018 ఆగస్టులో ఇక్కడ పాముకాట్లు ఎంత పెరిగాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. పుట్టలో వెలిసిన స్వామి గుడి అది.

నమ్మకం నమ్మకమే, ఆసుపత్రి ఆసుపత్రే! పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టకూడదు. గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - నాలుగింటికీ ఒకటే మందు ఉంది. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. కనుక నొప్పి లేదుగదా అని ఇంట్లో కూచోవద్దు.

పెద్దాయన కర్ర

వచ్చేస్తూ అడిగాను. "ఎందుకు తాతా ఈ కర్ర ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటావు?"

చెప్పాడు. మనవడు స్కూలు నుంచి రాగానే ఈ కారెక్కేవాడట. స్టీరింగ్ తిప్పుతూ, నోటితో హారన్ కొడుతూ తనే హీరో. ఓరోజు సీటు ఎత్తి చూస్తే కింద కట్లపాము కుబుసం! రోజూ వాడు కూచునే సీటు.

"ఆ రాత్రి నిద్రపట్టలేదు బాబూ. తెల్లారగానే డోర్లకు తీగ చుట్టాను. తీగ తెంపేవాళ్లు ఉంటారుగా, అందుకని కర్ర కూడా!" అన్నాడు.

చూస్తే నిజమే. డోరు పిడికి చుట్టిన తీగ తుప్పుపట్టి ఊడిపోయి ఉంది. మావాడు తలొంచుకుని కొత్త తీగ చుట్టడానికి సాయం పట్టాడు. తర్వాత పదడుగుల దూరంలో నిలబడి ఫోటో దిగాడు. ఫోటో బాగానే వచ్చింది లెండి, మొహంలో భయం తప్ప!

కాకి మునిగి హంసయిన ఊళ్లో కారు ఆగి పుట్టయింది. పుట్టలో చెయ్యి పెట్టే ముందు నాలుగు దెబ్బలు కొట్టడం మరిచిపోకండేం!