పూర్వరూప పునరుద్ధరణ – పోరుమామిళ్ల శాసనం: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత చెరువుల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

శిథిలమైన చెరువును బాగుచేసే ప్రతి పనినీ నేడు ‘పునరుద్ధరణ’ అనే మాటతో వ్యవహరిస్తున్నాం. ఏ కాలపు రూపాన్ని, ఏ ఆధారంతో, ఎంతవరకు తిరిగి నిలబెట్టాలి అనే మూడు ప్రశ్నలు ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. ఉదయగిరి రాజ్యపాలకుడైన భాస్కర భవదూరుడు క్రీ.శ. 1369లో వేయించిన పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొంది. ఆ శాసనాన్ని చెరువు నిర్మాణానికి లక్షణగ్రంథంగా చదివి, పశ్చిమ నెల్లూరు మెట్టప్రాంతపు చెరువుల పునరుద్ధరణకు అది ఎంతవరకు ప్రమాణం కాగలదో వివరించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

కీలకపదాలు: పునరుద్ధరణ, పోరుమామిళ్ల శాసనం, ఉదయగిరి రాజ్యం, భాస్కర భవదూరుడు, తూము, కలుజు, దశబంధం, ఆయకట్టు.

1. ఉపోద్ఘాతం:

నెల్లూరు జిల్లా అనగానే పెన్నా డెల్టా వరిపొలాలు గుర్తుకు వస్తాయి. జిల్లా పడమటి భాగం స్థితి వేరు. వెలిగొండల పాదాన ఉన్న ఉదయగిరి, దానికి ఆగ్నేయంగా ఉన్న ఆత్మకూరు పరిసరాలు మెట్టనేలలు. అనంతసాగరం మండలంలో పెన్నానదిపై సోమశిల జలాశయం ఉన్నప్పటికీ, కాలువ నీరు ఎక్కని ఎగువ గ్రామాలకు చెరువులు, బావులు, బోర్లే ఆధారం. ఈ జిల్లాకు వర్షపాతంలో అధికభాగం ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు లోపల లభిస్తుంది. అదీ తరచుగా వాయుగుండాల వల్ల కొద్దిరోజుల్లోనే కుండపోతగా కురుస్తుంది. ఆ కొద్దిరోజుల నీటిని పట్టి ఉంచితేనే మిగిలిన కాలానికి పంట ఉంటుంది. కనుక ఇక్కడ చెరువు రూపం చెడడమంటే బతుకుతెరువు చెడడమే.

చెరువుల బాగుకోసం ప్రభుత్వాలు పథకాలు చేపడుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాయి. వీటిలో పూడికతీతకే అధిక ప్రాధాన్యం లభించింది. పూడిక తీయడంతోనే చెరువు తన పూర్వరూపానికి వస్తుందా అనే ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ముందుగా పునరుద్ధరణ అనే భావనను స్పష్టం చేసుకోవాలి.

2. పునరుద్ధరణ – భావన, పరిమితులు:

మరమ్మతు, ఆధునికీకరణ, పునరుద్ధరణ అనే పదాలు వాడుకలో ఒకదానికొకటి పర్యాయపదాలైనాయి. విరిగినదాన్ని పనిచేసేలా చేయడం మరమ్మతు. కొత్త అవసరానికి తగినట్లు మార్చడం ఆధునికీకరణ. నిర్మాత ఉద్దేశించిన రూపాన్ని ఆధారాలతో గుర్తించి తిరిగి నిలబెట్టడం పునరుద్ధరణ. 1964 నాటి వెనిస్ ప్రకటన ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని నిర్దేశించింది. చారిత్రక ఉద్యానాలను గురించిన ఫ్లోరెన్స్ ప్రకటన (1981) తోటను సజీవ స్మారకంగా పరిగణించింది. మొక్కలతో, నీటితో కూడిన నిర్మాణం నిత్యం మారుతూ ఉంటుంది కనుక రాతికట్టడానికి వర్తించే సూత్రాలు దానికి యథాతథంగా సరిపోవు.

నేలను మలచి చేసిన ప్రజా నిర్మాణాల విషయంలో ఈ సమస్య ఎలా ఎదురవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపాలక సంస్థకు చెందిన కాబ్స్ క్రీక్ గోల్ఫ్ మైదానం మంచి ఉదాహరణ. హ్యూ విల్సన్ రూపకల్పనలో అది 1916లో ప్రారంభమైంది. రంగుభేదం లేకుండా సామాన్యులకు ఆడే అవకాశం ఇచ్చిన మైదానంగా పేరు పొందింది. 1950లలో కొంత నేలను సైనిక అవసరాలకు తీసుకోవడంతో ఆట సాగే వరుస మారిపోయింది. మైదానం గుండా పారే వాగు పొంగి గట్లను కోసివేస్తూ వచ్చింది. 2020లో మైదానాన్ని మూసి, పాత ఫొటోలు, విమానచిత్రాల ఆధారంగా తొలి రూపాన్ని గుర్తించే పునరుద్ధరణకు పూనుకున్నారు. ఆ పనిలో వాగును చక్కదిద్దడం తొలి మెట్టు అయింది. ఆటస్థలానికి పూర్వరూపం రావాలంటే దాని నీటిదారికి ముందు పూర్వరూపం రావాలని గుర్తించడం ఇక్కడ గమనించదగిన అంశం.

ఏ కాలపు రూపాన్ని పూర్వరూపంగా గ్రహించాలన్నది మరొక చిక్కు. హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా ఇందుకు నిదర్శనం. అక్కడ నేడు గోల్ఫ్ మైదానం ఉంది. అదే ఆవరణలో పురావస్తుశాఖ తవ్వకాల వల్ల కుతుబ్‌షాహీల కాలపు తోటకు చెందిన నీటికాలువలు, తొట్లు బయటపడ్డాయి. ఒకే నేలపై రెండు పొరలు ఉన్నప్పుడు ఒకదాన్ని తేవడమంటే మరొకదాన్ని తగ్గించుకోవడమే. చెరువుల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

3. పోరుమామిళ్ల శాసనం – పన్నెండు అంగాలు, ఆరు దోషాలు:

విజయనగర సామ్రాజ్యంలో ఉదయగిరి ఒక ముఖ్య రాజ్యం. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు (భవదూరుడు) ఉదయగిరి నుంచి పాలిస్తూ, వెలిగొండలకు పడమట నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల వద్ద అనంతరాజసాగరమనే చెరువును కట్టించాడు. శక సంవత్సరం 1291 (క్రీ.శ. 1369) నాటి ఈ శాసనాన్ని వి.ఎస్. సుక్తంకర్ ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు మోసే నూరు బండ్లతో రెండేళ్లు పని సాగిందని శాసనం తెలుపుతుంది. కట్ట పొడవు గుట్టలతో కలిపి అయిదువేల రేఖాదండాలు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు రేఖాదండాలని చెప్పింది. కట్ట పొడవు చెప్పేటప్పుడు గుట్టలను కూడా కలిపి చెప్పడం విశేషం. నిర్మాత దృష్టిలో సహజమైన గుట్ట, మనిషి పోసిన కట్ట ఒకే నిర్మాణంలోని భాగాలని దీనివల్ల తెలుస్తుంది.

శాసనం చెప్పిన పన్నెండు అంగాల సారాంశం ఇది:

1) ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అయిన ప్రభువు
2) జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు
3) గట్టి బంకమట్టి గల నేల
4) మూడు యోజనాల దూరం సాగే తీపినీటి నది
5) చెరువును తాకి ఉండే కొండ
6) ఆ కొండభాగాల నడుమ అతిదీర్ఘం కాని, దృఢమైన రాతికట్ట
7) పండే నేలకు వెలుపల ఉండే కట్ట కొసలు
8) విశాలమై లోతైన గర్భం
9) నిడుపైన, తిన్నని రాళ్లు దొరికే గని
10) ఫలవంతమై చదునుగా ఉన్న సమీపక్షేత్రాలు
11) కొండ ఉన్న తీరు వల్ల బలమైన సుడులతో పారే నీటిదారి
12) కట్టడంలో నేర్పరులైన పనివారి బృందం

ఇక ఆరు దోషాలు: కట్ట నుంచి నీరు ఊరడం; చవుడు నేల; రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం; చెరువు నడుమ ‘కూర్మం’, అనగా తాబేటివీపు వంటి మిట్ట ఉండడం; నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం; సాగునేల తక్కువై నీరు ఎక్కువ కావడం.

4. అంగాల పరిశీలన:

పన్నెండు అంగాలను వర్గీకరిస్తే మూడు (1, 2, 12) మనుషులకు, తక్కినవి నేల, నీరు, రాయి, కొండ, పొలాలకు సంబంధించినవి. మనుషులకు చెందిన మూడూ పాలన, శాస్త్రం, శ్రమ అనే మూడు స్థాయిలను సూచిస్తున్నాయి. ప్రభువుతో మొదలైన జాబితా పనివారితో ముగియడం గమనార్హం.

దోషాలలో చివరి రెండూ ఒకే సూత్రానికి రెండు ముఖాలు. నీటికి, నేలకు పొంతన ఉండాలన్నది ఆ సూత్రం. చెరువు నాణ్యతను దాని పరిమాణం నిర్ణయించదు. పరివాహకం, గర్భం, ఆయకట్టు అనే మూడింటి నడుమ ఉన్న నిష్పత్తి నిర్ణయిస్తుంది. శాసనంలోని ‘రూపం’ అనే భావనకు కీలకం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ దృష్టితో చూస్తే నేటి పనులలోని లోపాలు స్పష్టమవుతాయి. పూడికతీత ఎనిమిదవ అంగాన్ని ఉద్ధరించే పని. కాని మట్టి అవసరమున్న చోట గోతులు తీసి, అక్కర్లేని చోట దిబ్బలు వదిలితే చెరువు నడుమ మనమే కూర్మదోషాన్ని సృష్టించినవారమవుతాం. కట్ట పాదానికి చేరువగా తవ్వితే నీరు ఊరే మొదటి దోషానికి దారితీస్తుంది. తూము గడపమట్టం కంటే లోతుగా తవ్విన భాగంలో నిలిచిన నీరు తూము గుండా పొలానికి పారదు. అది భూగర్భజలానికి, పశువులకు ఉపకరించవచ్చు. అయితే ఆ ప్రయోజనాన్ని ఆయకట్టు పెరుగుదలగా లెక్కించడం సరికాదు. వరవకాలువలు పూడిపోయి, ఆక్రమణలకు లోనైనచోట గర్భాన్ని ఎంత లోతు చేసినా అయిదవ దోషం తొలగదు.

రెండు రాజ్యాల సరిహద్దు అనే దోషానికి నేడు వేరే అర్థం చెప్పుకోవచ్చు. నూరెకరాల లోపు ఆయకట్టు గల చెరువులు పంచాయతీరాజ్ అధీనంలోనూ, అంతకు మించినవి నీటిపారుదల శాఖ అధీనంలోనూ ఉంటూ వచ్చాయి. గొలుసుకట్టులో పై చెరువు ఒక శాఖది, కింది చెరువు మరొక శాఖది అయినప్పుడు పై కలుజు ఎత్తులో చేసిన మార్పు కింది చెరువు రాబడిని మారుస్తుంది. శాసనకర్త ఇంత దూరం ఉద్దేశించాడని చెప్పలేం. కాని ఒకే నీటిపై ఇద్దరి అధికారం ప్రమాదకరమన్న హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది.

5. సంరక్షణ – తరువాతి పొరలు:

పన్నెండు అంగాలలో నిత్యసంరక్షణకు ప్రత్యేకాంగం లేదు. ఆ లోటును తీర్చినవి దానాలు, కట్టుబాట్లు. చెరువు కట్టినవారికి, బాగుచేసేవారికి ఇచ్చిన దశబంధం మాన్యాలు, ఊరివారు శ్రమదానంతో చేసిన కుడిమరామతు ఇందుకు ఉదాహరణలు. రాతి, మట్టి నిర్మాణం శతాబ్దాలపాటు నిలవడానికి వెనుక ఉన్న అసలు నిర్మాణం ఇది.

ఆంగ్లేయుల పాలనలో మద్రాసు ప్రభుత్వం 1883లో చెరువుల పునరుద్ధరణ పథకాన్ని ప్రారంభించింది. ఒక్కో చెరువుకు పరివాహకం, కట్టమట్టం, తూముల కొలతలు, కలుజు పొడవు, ఆయకట్టు వివరాలతో నివేదికలు తయారయ్యాయి. నేడు ‘పూర్వరూపం’ అన్నప్పుడు ఇంజనీర్లు ఆశ్రయించే కొలతలలో అధికభాగం ఈ పొరకు చెందినవే. అవి మధ్యయుగ నిర్మాత ఉద్దేశించిన కొలతలని భావించడం పొరపాటు. అప్పటికే జరిగిన మార్పులను యథాస్థితిగా గ్రహించి నమోదు చేసిన కొలతలవి. అయినా ఊహకు తావు లేని ఆధారంగా వాటి విలువ తగ్గదు. కొలతలకు పందొమ్మిదవ శతాబ్ది నివేదికలు, సూత్రాలకు పద్నాలుగవ శతాబ్ది శాసనం ప్రమాణాలు కావడం సమంజసం.

6. తెలుగు పరిశోధకుల పాత్ర:

ఈ పనిలో భాషాసాహిత్య పరిశోధకులకు చోటెక్కడిదన్న సందేహం రావచ్చు. ఆధారాలలో అధికభాగం చదవవలసిన పాఠాలే. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి 1905లో ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనసంపుటాలలో ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనాలున్నాయి. దానశాసనాలలో పొలాల ఎల్లలు చెప్పేటప్పుడు వచ్చే చెరువులు, కాలువలు, తూముల ప్రస్తావనలను గ్రామపటాలతో పోల్చితే నాటి నీటిదారులను గుర్తించే వీలుంటుంది.

పదజాలం మరొక ఆధారం. నెల్లూరులో కలుజు, తెలంగాణలో అలుగు, రాయలసీమలో మరవ అన్నవి మిగులునీరు పొర్లిపోయే కట్టడానికే పేర్లు. ఈ మాండలిక పదాలను సేకరించకపోతే పాత పత్రాలు మనకే అర్థంకాని స్థితి వస్తుంది. అయితే పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. పోరుమామిళ్ల చెరువు అనంతరాజసాగరం. ఆత్మకూరు చేరువలోని ఊరు అనంతసాగరం. పేరు పోలికను బట్టి రెండింటికీ ఒకే నిర్మాతను ఊహించడం శాస్త్రీయం కాదు. ఊహ మొదలైన చోట ఆగాలన్న సూత్రం శాసనపఠనానికీ వర్తిస్తుంది.

7. ముగింపు:

• పునరుద్ధరణను మరమ్మతు, ఆధునికీకరణల నుంచి వేరుచేసి, ఏ కాలపు రూపాన్ని లక్ష్యంగా పెట్టుకున్నామో ముందే ప్రకటించాలి.

• పోరుమామిళ్ల శాసనం ఉదయగిరి రాజ్యపు జలవిజ్ఞానానికి లక్షణగ్రంథం వంటిది. అందులో మనం తిరిగి తేవలసినది నీరు, గర్భం, నేల నడుమ ఉన్న పొంతన. రేఖాదండాల కొలతలు ఆ చెరువుకే పరిమితం.

• పరివాహకం, వర్షపు తీరు, పంటలు, బోర్ల వాడకం మారిన నేటి స్థితిలో ఆ పొంతనను ప్రతి చెరువుకూ కొత్తగా లెక్కకట్టాలి. పని వరవకాలువతో మొదలై కలుజు, తూములను దాటి గర్భానికి చేరాలి.

• సంరక్షణ బాధ్యత ఎవరిదో తేల్చని పునరుద్ధరణ నిలవదు. దశబంధం పోయినచోట దానికి సమానమైన నేటి ఏర్పాటు అవసరం.

• ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత శాసనాలలోని జలసంబంధ పదాలను, ఎల్లల వర్ణనలను చెరువులవారీగా సేకరించడం పరిశోధకుల ముందున్న పని. మాండలిక పదాలను నోటిమాటగా ఎరిగిన వృద్ధతరం ఉండగానే ఆ పని జరగాలి. శాసనం రాతిపై మరికొంతకాలం నిలుస్తుంది. వారి జ్ఞాపకానికి ఆ వ్యవధి లేదు.