రాశులు పోశారని ఎవరు చెప్పారు తాతా?

మా పెద్ద మనవరాలు పన్నెండో తరగతి చదివిన ఏడాది, ప్రీబోర్డు పరీక్షలైపోయాక ఒక సాయంత్రం చరిత్ర పేపరు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నువ్వు చెప్పినట్టే రాసినా తాతా, ఎన్నొచ్చినాయో చూడు" అంది. విజయనగరం మీద ఇచ్చిన నాలుగు మార్కుల ప్రశ్నకు ఒకే ఒక్క మార్కు! పక్కన టీచరమ్మ ఎర్ర సిరాతో, "ఇది సోర్సులో ఎక్కడుంది?" అని రాసింది.

నాకు కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు? మేము మూడు తరాలుగా బళ్ళారిలో ఉన్నవాళ్ళం. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి వెళ్ళి, బళ్ళారి మైసూరులో కలిసినప్పుడు మా నాన్నగారు ఇక్కడే ఉండిపోయారు. మా పిల్లలకు బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాని మనవరాలికి నేనివ్వగలిగిన ఆస్తి ఏదైనా ఉందంటే అది రాయలవారి కథలే. పొద్దున బస్సెక్కితే హంపి చూసుకుని రాత్రికి ఇల్లు చేరే ఊళ్ళో ఉంటూ, రాయలవారి మీద ప్రశ్నకు మా పిల్లకు ఒక మార్కా? మర్నాడే బడికి వెళ్ళి అడగాలనుకున్నాను. "ముందు ఆ పేపరు చదవండి మామయ్యా" అంది మా కోడలు.

చదివాను. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరం చూసి రాసిన దాంట్లోంచి అంగడి వీధి వర్ణన ఒక పేరా ఇచ్చారు. విశాలమైన వీధి, అందులో వర్తకుల ఇళ్ళు, కెంపులు, వజ్రాలు, పచ్చలు, ముత్యాలు, బట్టలు, ఇంకా మనిషి కొనాలనుకునే సమస్తమూ దొరకడం, ప్రతి సాయంత్రం జరిగే సంతలో మామూలు గుర్రాలు, తట్టువలు, నిమ్మ, నారింజ, ద్రాక్ష, కూరగాయలు, కట్టెలు అమ్మడం, ఇదీ అందులోని విషయం. దాని కింద మూడు ప్రశ్నలు. వీధిలో ఏమేమి అమ్మేవారు, ఒక మార్కు. సాయంత్రపు సంత ఎలాంటిది, ఒక మార్కు. దీన్నిబట్టి ఆ నగర ఆర్థిక జీవనం గురించి ఏం తెలుస్తోంది, రెండు మార్కులు.

మా పిల్ల ఏం రాసిందయ్యా అంటే, రత్నాలు నడివీధిలో రాశులు పోసి, ధాన్యం కొలిచినట్టు కుంచాలతో కొలిచి అమ్మేవారని మొదలుపెట్టి, అష్టదిగ్గజాల మీదుగా 1565 తళ్ళికోట యుద్ధం దాకా రెండు పేజీలు నింపింది. సాయంత్రపు సంత ఊసే లేదు. మధ్యలో అబ్దుల్ రజాక్ కృష్ణదేవరాయల కొలువుకు వచ్చాడని కూడా రాసింది. రజాక్ వచ్చింది 1443లో, రెండవ దేవరాయల కాలంలో. రాయలవారు సింహాసనమెక్కింది 1509లో. ఆ తప్పు దానిది కాదు. నేనే ఎప్పుడో కథ రక్తి కట్టడం కోసం ఇద్దరినీ ఒకే సభలో కూర్చోబెట్టాను.

పేస్ పేరాను నాలుగుసార్లు చదివాను. వజ్రాలున్నాయి, కెంపులున్నాయి. రాశులు లేవు. కుంచం అసలే లేదు. ఇంకా మొండిగా, రాబర్టు సూయెల్ 1900లో అచ్చువేసిన పుస్తకం మా స్నేహితుడి ఇంట్లో ఉంటే తెచ్చి వెతికాను. పేస్, న్యూనిజ్‌ల రాతలను ఇంగ్లీషులోకి తెచ్చినది ఆ పుస్తకమే. రజాక్ కూడా నగల వర్తకులు బజారులో బాహాటంగా ముత్యాలు, వజ్రాలు అమ్ముతున్నారని చెప్పాడు. అంటే దాదాపు 77 ఏళ్ళ తేడాతో, వేరువేరు దేశాల నుంచి వచ్చిన ఇద్దరు ఒకే మాట చెప్పారన్నమాట. అది బలమైన సాక్ష్యమే. కాని "బాహాటంగా" అన్నదానికీ "కుంచాలతో" అన్నదానికీ మధ్య దూరం చాలా ఉంది. ఆ కుంచం నాకు మా తాతగారు ఇచ్చింది. ఆయనకెవరిచ్చారో!

బడికి వెళ్ళాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. బోర్డు పరీక్షకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. కేంద్ర బోర్డు చరిత్ర పేపరు 80 మార్కులకైతే ఇలాంటి సోర్సు ప్రశ్నలు మూడు, ఒక్కోటి నాలుగు మార్కులు, వెరసి పన్నెండు. పిల్ల కళాశాల సీటు ఈ మార్కుల మీదే ఆధారపడి ఉంది. పాడుచేసినవాణ్ణి నేనే గనుక బాగుచేయడం కూడా నా వంతే అనుకున్నాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక పేరా తీసుకుని కూర్చునేవాళ్ళం.

మన రోజుల్లో చరిత్ర పరీక్షంటే ఎక్కువగా జ్ఞాపకశక్తికే. అశోకుడు చెట్లు నాటించెను, బావులు తవ్వించెను అని వరసగా అప్పజెబితే సరిపోయేది. ఈ సోర్సు ప్రశ్న తీరు వేరు. ఇది కోర్టులో వాంగ్మూలం లాంటిది. కాగితం మీద సాక్షి చెప్పిన మాట ఉంటుంది. మొదటి ప్రశ్న సాక్షి ఏం చెప్పాడని అడుగుతుంది. అక్కడ మన తెలివి అనవసరం, అతని మాటే మన మాటల్లో ఒకటి రెండు వాక్యాలు రాస్తే చాలు. రెండోది సాధారణంగా ఆ మాటకు అర్థమడుగుతుంది. మూడోదానికి వచ్చేసరికి చదువుకున్నది పనికొస్తుంది. అదీ సాక్షి చెప్పిన మాటకు ముడిపడేంత మేరకే. ముందు ప్రశ్నలు చదివి తర్వాత పేరా చదవమన్నాను. పెన్సిలుతో కింద గీత గీసుకోమన్నాను. ఒక మార్కుకు అరపేజీ రాయడం మా వంశంలోనే ఉన్న జబ్బు, అది మానడానికి వారం పట్టింది.

అలాగని జ్ఞాపకం వద్దని కాదు సుమండీ. ఆ గుర్రాల సంగతే చూడండి. సంతలో అమ్మినవి మామూలు గుర్రాలు, తట్టువలు అని పేస్ చెప్పాడు. యుద్ధాలకు కావలసిన మేలుజాతి గుర్రాలు అరేబియా, మధ్య ఆసియాల నుంచి వచ్చేవి. మొదట్లో ఆ వ్యాపారం అరబ్బుల చేతిలో ఉండేదని, కుదిరై చెట్టులనే స్థానిక వర్తకులు కూడా అందులో ఉండేవారని, 1498 తర్వాత పోర్చుగీసులు పడమటి తీరాన దిగి 1510లో గోవా పట్టుకున్నారని పాఠంలో చదివిన పిల్లకే ఈ సంత గుర్రాలు వేరు, ఆ గుర్రాలు వేరు అని తడుతుంది. పాఠం గుర్తులేనివాడు సంత గుర్రాలను చూసి రాయలవారి అశ్వదళమంతా అక్కడే కొన్నారని రాసేస్తాడు. వజ్రాలూ కట్టెలూ ఒకే వీధిలో దొరికాయంటే, అక్కడికి ధనవంతులే కాదు, సాయంత్రం పొయ్యి వెలిగించుకోవలసిన మామూలు జనమూ వచ్చేవారని చెప్పవచ్చు. రెండు మార్కులకు అది చాలు. అష్టదిగ్గజాలు అక్కర్లేదు.

ఒక రాత్రి ఆముక్తమాల్యద వంతు వచ్చింది. రాజు రేవులను బాగుచేయించాలి, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు నిరాటంకంగా దిగుమతి అయ్యేట్టు చూడాలి, తుఫానుకో జబ్బుకో దిక్కులేక ఒడ్డుకు చేరిన పరదేశి నావికులను వారికి తగినట్టు ఆదరించాలి అని రాయలవారు చెప్పిన భాగం అది. తెలుగు కావ్యం, వాళ్ళ ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో! నాకు గొంతు పూడుకుపోయింది. "చూశావా, రాయలవారు పరదేశి నావికులను ఎంత బాగా చూసుకున్నారో" అన్నాను.

అది పెన్సిలు నోట్లో పెట్టుకుని కాసేపు చూసి, "చూసుకున్నాడని లేదు తాతా. చూసుకోవాలని ఉంది" అంది.

నేను ఆ కావ్యం పేరు యాభై ఏళ్ళుగా తలుచుకుంటున్నవాణ్ణి. ఆ తేడా నాకు ఒక్కసారీ తట్టలేదు. రాజు ఎలా ఉండాలని రాయలవారు అనుకున్నారో చెప్పడానికి అంతకన్నా గొప్ప ఆధారం లేదు. రేవులో నిజంగా ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం ఇంకో సాక్షి కావాలి. శాసనాలతోనూ ఇదే చిక్కు. హంపిలో కృష్ణస్వామి గుడి ముందున్న శాసనం ఉదయగిరి విజయాన్ని చెబుతుంది. వేయించింది గెలిచిన రాజు. ఓడిన ప్రతాపరుద్ర గజపతి వైపు నుంచి ఆ కథ ఎలా ఉంటుందో ఒరిస్సాలోని మన పాఠకులు మాకన్నా బాగా చెప్పగలరు.

బోర్డు పరీక్షలో విజయనగరం రానేలేదు. వచ్చిన మూడు సోర్సులనూ హడావిడి పడకుండా రాశానంది. చరిత్రలో 91 వచ్చాయి, బెంగుళూరులో సీటూ దొరికింది. వెళ్ళే ముందు ఒక ఆదివారం అందరం హంపి వెళ్ళాం. విరూపాక్షుడి గుడి ముందు బజారులో, ఖాళీగా ఉన్న రాతి మండపాల వరస చూసి మా చిన్న మనవడు, "రత్నాలు ఎక్కడ అమ్మేవాళ్ళు తాతా?" అన్నాడు. "ఇక్కడేరా, రాశులు..." అని నోరు జారబోయి ఆగిపోయాను. పెద్దది నా వైపే చూస్తోంది.

"ఒకప్పుడు ఈ మండపాల్లో అంగళ్ళుండేవి. 2011లో ఖాళీ చేయించారు. ఇదిగో, ఈ స్తంభం దగ్గర కూర్చుని నేను, మీ అవ్వ మిరపకాయ బజ్జీలు తిన్నాం" అన్నాను.

"నువ్వు చూసిందేనా, ఎవరైనా చెప్పిందా?" అంది పెద్దది.

"చూసిందే. తిన్నదే."

"అయితే సరే. అది రాయొచ్చు" అంది.