ముందు పరీక్ష, పిదప ప్రోగ్రాము

పాఠము చెప్పకమునుపే పరీక్ష పెట్టు ఉపాధ్యాయుని ఎవరును మెచ్చరు. కాని కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయువారిలో కొందరు కోరి ఆ పనియే చేయుదురు. (ప్రోగ్రామనగా మేము ప్రసారము చేయునది కాదు, యంత్రము నడచుకొనవలసిన ఆజ్ఞల వరుస.) ఆజ్ఞలు వ్రాయుటకు ముందే, అవి సరియైనవో కావో తేల్చు చిన్న పరీక్షను వారు వ్రాయుదురు. ఆ పరీక్షయు ప్రోగ్రామే. యంత్రమే దానిని క్షణములో నడిపి ఫలితము చెప్పును. ఈ పద్ధతికి టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అని పేరు. అమెరికా దేశస్థుడగు కెంట్ బెక్ 2002లో వెలువరించిన గ్రంథము దీనికి ప్రచారము తెచ్చినది. తాను దీనిని కొత్తగా కల్పింపలేదనియు, తిరిగి కనుగొంటిననియు ఆయనయే చెప్పియున్నాడు.

మన గోడమీది క్యాలెండరునే తీసికొందము. ఏ సంవత్సరము లీపు సంవత్సరమో చెప్పు ప్రోగ్రాము కావలెను. మొదటి పరీక్ష: 2023 లీపు కాదు. ప్రోగ్రామే లేదు గనుక ఫలితము తప్పు. అంతట "ఏది అడిగినను కాదనుము" అని ఒక్క ఆజ్ఞ వ్రాయుదుము. పరీక్ష నెగ్గును! నవ్వు వచ్చును గాని, పరీక్ష కోరినదానికంటె ఎక్కువ వ్రాయరాదన్నదే ఇచటి నియమము. రెండవ పరీక్ష: 2024 లీపు. ఇది తప్పగా, 4చే నిశ్శేషముగా భాగింపబడునవి లీపు అని దిద్దుదుము. మూడవది: 1900 లీపు కాదు. మరల తప్పు, 100చే భాగింపబడువానిని తొలగింతుము. నాల్గవది: 2000 లీపు. ఇప్పుడు వ్రాసిన ఆజ్ఞయే దీనిని కాదనును. 400చే భాగింపబడువానిని తిరిగి చేర్తుము. ప్రతిసారియు పాత పరీక్షలన్నిటిని మరల నడుపవలెను. అన్నియు నెగ్గిన పిమ్మట ఆ అండతో వ్రాతలోని చిక్కులు విప్పి చక్కబరుపవచ్చును.

పరీక్ష మొదట తప్పుటను కన్నులార చూడవలెనను పట్టుదల ఎందుకు? ప్రోగ్రాము ముగిసిన పిదప వ్రాసిన పరీక్ష తొలిసారియే నెగ్గినచో, ప్రోగ్రాము మంచిదగుటచే నెగ్గినదో, పరీక్షయే ఏమియు అడుగకపోవుటచే నెగ్గినదో తెలియదు. ఒకసారి తప్పి, ఆజ్ఞ మార్చగానే నెగ్గినదానికి తప్పు పట్టు శక్తి కలదని తెలియును. మా దృష్టిలో ఈ పద్ధతికి ఇదియే ప్రాణము.

లీపు లెక్క తప్పుట ఊహ కాదు. 2008 డిసెంబరు 31న, మైక్రోసాఫ్ట్ వారి జూన్ అను పాటల పరికరములలో ఒక రకమునకు చెందినవి ఎక్కడివక్కడ స్తంభించినవి. ఆనాడు సంవత్సరములో 366వ దినము. దినములు లెక్కించు ఆజ్ఞలలో ఆ ఒక్క సంఖ్యకు వెలికి దారి లేక యంత్రము అక్కడనే తిరుగాడినది. మరునాటికిగాని తెప్పరిల్లలేదు. 366 అని ఒక్క పరీక్ష వ్రాసియున్నచో ముందే బయటపడెడిది. అయితే వ్రాయవలెనని ఎవరికైన తోచవలెను గదా!

సరియైన జవాబేదో నిర్ణయించుటయు మనుష్యుని పనియే. ఎక్సెల్ అను లెక్కల ప్రోగ్రాములో 1900 ఫిబ్రవరికి నేటికిని 29 దినములు కలవు. పూర్వపు లోటస్ 1-2-3లోని పొరపాటును, దానితో లెక్కలు కలియుటకై, తెలిసియే ఉంచిరి. అక్కడ పరీక్ష వ్రాయువాడు 1900 లీపు అనియే వ్రాయవలెను.